మంత్రిగారు సామాన్యుడిలా పూలు చూసిన వైనం

"ఆహ్లాద శాఖ మంత్రివర్యులు ఈ ఏడు వసంత ఉద్యాన ఉత్సవానికి సామాన్యుడిలా విచ్చేస్తారు. సామాన్యుడిలా టికెట్టు కొంటారు. సామాన్యుడిలా క్యూలో నిలబడతారు. సామాన్యుడిలా పూలు చూసి, సామాన్యుడిలా ఆనందిస్తారు."

ఈ ప్రకటన పేపర్లలో వచ్చిన ఉదయం నగరమంతా పులకించిపోయిందని చెప్పలేం గానీ, మంత్రిగారు మాత్రం నిలువెల్లా పులకించిపోయారు. చదివిందే మళ్ళీ చదివించుకుని విన్నారు. విని, తమ ఆంతరంగిక కార్యదర్శి భుజం తట్టారు.

"సామాన్యుడిలా! ఏం మాటయ్యా అది! ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావు?"

"సరే సార్" అన్నాడు కార్యదర్శి.

ఆ కార్యదర్శికి అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టుకున్న పేరొకటి ఉండేది. ఆఫీసులో అది ఎవరికీ గుర్తులేదు. అందరూ సరేసార్ అనే పిలిచేవారు. మంత్రులు మారినా, శాఖలు మారినా, కుర్చీల మీద గుడ్డలు మారినా, ఆ రెండు మాటలతోనే ఇన్నేళ్ళూ నెగ్గుకొచ్చిన మనిషి. అలాంటివాడు ఆ ఒక్కరోజు పొరపాటున సొంత బుర్ర వాడి ఒక మాట రాశాడు. దాని ఫలితం అనుభవించక తప్పలేదు.

ఊరి చివర ఉన్న ఆ థీమ్ పార్కు చాలా పెద్దది. జెయింట్ వీల్ ఉంది, నోరు తెరుచుకుని పరిగెత్తే రాక్షసి రైలు ఉంది, నీళ్ళలోకి జారే జారుడుబండలున్నాయి. ఏటా వసంతంలో అక్కడ పూలతో ఏనుగులు, ఓడలు, కోటలు కడతారు. జనం పిల్లాజెల్లాతో విరగబడి వెళ్తారు. సరేసార్ భార్య కూడా ఏటా వెళ్దామంటుంది. ఆయన సరేననే అంటాడు. ఆ సమయానికి మంత్రిగారికి ఏదో ఒకటి వస్తుంది. కొన్నిసార్లు జలుబు, కొన్నిసార్లు ఎన్నికలు.

మర్నాడే కాన్ఫరెన్సు హాల్లో ప్లానింగ్ మీటింగు పెట్టారు. మంత్రిగారు నడిమి కుర్చీలో, ఒకపక్క పోలీసు అధికారి, మరోపక్క పార్కు మేనేజరు. సరేసార్ ఎప్పటిలాగే మంత్రిగారి వెనక, గోడకీ కుర్చీకీ మధ్య.

"ముందు ఒక సంగతి తేలాలి సార్" అన్నాడు పోలీసు అధికారి గంభీరంగా. "సామాన్యుడిలా అంటే ఎన్ని కార్లు?"

మాట రాసినవాడు ఎవడో అందరికీ తెలుసు కాబట్టి అందరూ సరేసార్ వైపు తిరిగారు.

"సామాన్యుడికి కారుండదేమో సార్" అన్నాడు సరేసార్ మెల్లగా.

"ఉండదు. ఒప్పుకున్నాం. కానీ ఆయన ముందు వెళ్ళే ఎస్కార్టు కారు?"

మంత్రిగారు చెయ్యెత్తి ఆపారు. వారిలో ఉన్న గొప్పగుణం అదే. ఎంత చిక్కుముడైనా చిటికెలో విప్పేస్తారు. "కార్లన్నీ ఉండనివ్వండి. సైరన్ మాత్రం వద్దు. సామాన్యుడికి సైరనెందుకయ్యా? హారన్ చాలు."

ఈ త్యాగానికి అందరూ చలించిపోయారు.

తర్వాత పార్కు మేనేజరు లేచి నిలబడి, చేతులు నలుపుకుంటూ ఒక చిన్న ఇబ్బంది ఉందన్నాడు. ఈ ఏడు చలి ఇంకా పోలేదు. మొక్కలన్నీ మొగ్గల మీదే ఉన్నాయి. విచ్చుకోవడానికి మరో రెండు వారాలైనా పడుతుంది.

"ప్రకటన ఇచ్చేశాం కదయ్యా" అన్నారు మంత్రిగారు.

"అవును సార్. కానీ పూలకి తెలియదు కద సార్."

"తెలియజేయండి."

మేనేజరు నోరు తెరిచి మూశాడు. సరేసార్‌కి జాలేసింది. తనూ అలా నోరు తెరిచి మూసిన రోజులున్నాయి. అందుకే ముందుకు వంగి, గుడ్డ పూలు తెప్పించి కొమ్మలకి కట్టిస్తే ఎలా ఉంటుందని మంత్రిగారి చెవిలో వేశాడు. ఎలాగూ మంత్రిగారికి పూల పుప్పొడి పడదు. అసలు పువ్వు ఆమడ దూరంలో ఉన్నా ఆపకుండా తుమ్ముతారు. గుడ్డ పువ్వయితే ఆరోగ్యానికీ మంచిది, ఫోటోలకీ మంచిది.

"అసలు పూలకంటే అవే మేలు సార్, వాడిపోవు కూడా" అన్నాడు పోలీసు అధికారి. "పైగా వాటి మీద తేనెటీగలు వాలవు. సెక్యూరిటీ కోణంలో తేనెటీగలు మాకు మొదట్నించీ తలనొప్పే."

జెయింట్ వీల్ దగ్గర మీటింగు కాసేపు ఇరుక్కుపోయింది. మంత్రిగారికి అది ఎక్కాలని ఉంది. పై నుంచి ప్రజలకి చెయ్యూపుతుంటే కింది నుంచి ఫోటో తీస్తే ఎలా ఉంటుందో కళ్ళు మూసుకుని ఊహించుకున్నారు. ఊహలో ఎక్కడో తేడా వచ్చి కళ్ళు తెరిచారు.

"పైకి వెళ్ళాక ఏమవుతుంది?"

"కిందికి వస్తుంది సార్."

"కిందికొస్తుండగా ఎవడైనా ఫోటో తీస్తే? రేపు ప్రతిపక్షం వాళ్ళ పేపర్లో మొదటి పేజీలో వేస్తారు, మంత్రి దిగజారుతున్నాడని. దిగకుండా ఉండేలా చూడలేరా?"

"చక్రం స్వభావమే అంత సార్."

"స్వభావాలు మార్చుకోవాలయ్యా" అన్నారు మంత్రిగారు బాధగా. చివరికి జెయింట్ వీల్ రద్దయింది.

మిగిలింది క్యూ. మంత్రిగారు క్యూలో నిలబడాలంటే ముందు ఒక క్యూ ఉండాలి. ఉండాలంటే జనం ఉండాలి. అసలు జనాన్ని రానిస్తే భద్రతకి నేను పూచీ కాదని పోలీసు అధికారి తేల్చేశాడు. కాబట్టి ఆ రోజు పార్కు జనానికి మూసేసి, సభలకి జనాన్ని తోలుకొచ్చే మేస్త్రీకి కబురు పెట్టాలని నిర్ణయమైంది. అంతా బాగానే ఉంది గానీ, క్యూలో మనుషులు ఏం చేస్తారన్న ప్రశ్న దగ్గర మీటింగు మళ్ళీ ఇరుక్కుపోయింది. అక్కడున్నవాళ్ళలో ఈమధ్య కాలంలో క్యూలో నిలబడినవాడు ఒక్కడూ లేడు. పోలీసు అధికారి క్యూలని చెదరగొట్టాడే గానీ నిలబడలేదు.

సరేసార్ వరండాలోకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏమోయ్, పార్కుకి వెళ్తే జనం క్యూలో ఏం చేస్తారు?"

"వెళ్ళుంటే చెప్పేదాన్ని" అంది భార్య.

అటునుంచి మిక్సీ తిరిగిన చప్పుడు. ఆగాక మళ్ళీ ఆమే అంది. "రేషన్ క్యూ తెలుసు, కరెంటు ఆఫీసు క్యూ తెలుసు, ఆస్పత్రి క్యూ తెలుసు. ఈ ఇంట్లో క్యూలన్నీ నావేగా. ఇంతకీ ఎందుకు?"

ఆయన చెప్పాడు. ఆమె చాలాసేపు నవ్వింది. నవ్వడం ఆపి, "సరే అయితే, ఆ క్యూలో నన్నూ నిలబెట్టండి. ఏ వంకతోనైనా ఈ ఏడు పూలు చూస్తాను" అంది.

అలా సరేసార్ భార్య, ఏ ఉత్తర్వూ లేకుండానే, సామాన్య వ్యవహారాల సలహాదారు అయింది.

రిహార్సల్ పార్కు గేటు దగ్గర పెట్టారు. మేస్త్రీ రెండు బస్సుల నిండా జనాన్ని దించాడు. అందరూ ఆరితేరినవాళ్ళు. ఏ నాయకుడికి ఏ నినాదమో, పూలు ఎప్పుడు చల్లాలో, ఎక్కడ కళ్ళు తుడుచుకోవాలో కొట్టిన పిండి. మంత్రిగారి బదులు సరేసార్ నడిచొచ్చి క్యూ చివర నిలబడగానే అందరూ ఒక్కసారిగా పిడికిళ్ళు లేపి "మంత్రిగారికీ..." అన్నారు. "జై" అనే లోపలే సరేసార్ చేతులు అడ్డంగా ఊపుతూ పరిగెత్తాడు.

"అరవకూడదు. గుర్తే పట్టకూడదు. ఊరికే నిలబడాలి."

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "అరవడానికి కాకపోతే మమ్మల్నెందుకు పిలిపించినట్టు?" అని అడిగింది ముందున్న ఒకావిడ, కాస్త నొచ్చుకుని.

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి అందరూ స్తంభాల్లా నిలబడ్డారు. ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తున్నారు. మంత్రిగారు తమ కార్లో కూర్చుని అద్దం కొంచెం దించి చూస్తున్నారు. వారికి ఏదో వెలితిగా తోచింది.

సరేసార్ భార్య క్యూ పొడవునా ఒకసారి నడిచి చూసి, మొగుడి పక్కకొచ్చి పెదవి విరిచింది.

"ఇది క్యూ ఏవిటండీ, మౌనం పాటిస్తున్నట్టుంది. క్యూలో నిలబడ్డ మనిషన్నవాడు సణక్కుండా ఉంటాడా? ఎండ అంటాడు, ముందువాడు కదలట్లేదంటాడు, మధ్యలో ఎవడో దూరాడంటాడు. ఒక్కడైనా సణిగేవాడు లేకపోతే చిన్నపిల్లాడు కూడా నమ్మడు."

సరేసార్ ఈ విషయాన్ని తన సొంత ఆలోచనగా కారు దగ్గరికి మోసుకెళ్ళాడు. మంత్రిగారు ముందు ఉలిక్కిపడ్డారు. తర్వాత ఆలోచించారు. తర్వాత వారి మొహం వెలిగిపోయింది.

"ఒక ఫిర్యాదు! కరెక్ట్. కానీ లైట్‌గా ఉండాలి. నేను అక్కడికక్కడే పరిష్కరించేదై ఉండాలి. కెమెరాల ముందు, ఆన్ ది స్పాట్. ఏముందలాంటిది?"

"ఎండగా ఉందని అనిపిద్దామా సార్? గొడుగులు లేవని?"

"గొడుగు! అద్భుతం. వాడు ఎండ అనగానే నేను గొడుగు మంజూరు చేస్తాను. గొడుగు ఎక్కడుంటుంది?"

"మీ వెనకే సార్, నా చేతిలో."

నాటకాలు వేసే ఒక నటుణ్ణి ఫోన్లో మాట్లాడారు. ముసలి వేషాలకి పెట్టింది పేరని చెప్పారు. డైలాగు కూడా ఫోన్లోనే చదివి వినిపించాడు సరేసార్: "అయ్యా, ఎండ మాడ్చేస్తోంది, నెత్తిన నీడ లేదు." నటుడు దాన్ని మూడు రకాలుగా చెప్పి వినిపించాడు. మూడూ బాగున్నాయి. గేటు దగ్గర ఇబ్బంది లేకుండా పోలీసు అధికారి తన మనుషులకి స్పష్టంగా ఆర్డరు వేశాడు: మేస్త్రీ బస్సులు కాక, ఫిర్యాదు చేసే మనిషి ఒక్కణ్ణి మాత్రం లోపలికి పంపండి. మిగతా ఎవరొచ్చినా వెనక్కి.

ఉత్సవం రోజు పార్కు కన్నులపండువగా ఉంది. గుడ్డ గులాబీలు, గుడ్డ చామంతులు, పేరే లేని గుడ్డ పూలు కొన్ని. మొగ్గలు ఆకుల చాటున బుద్ధిగా దాక్కున్నాయి. సరేసార్ భార్య ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, చేతిసంచీలో నీళ్ళసీసా పెట్టుకుని మేస్త్రీ బస్సులోనే వచ్చింది. ఒక పువ్వు దగ్గరికి వంగి వాసన చూసింది. వెళ్ళి క్యూలో నిలబడింది.

ఆమె ముందు ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. వెలిసిన చొక్కా, గుండీల్లో ఒకటి వేరే రంగుది, చంకలో గుడ్డసంచీ. సరేసార్ దూరం నుంచే చూసి ముచ్చటపడ్డాడు. వేషం అంటే అలా ఉండాలి! ఆ వేరే రంగు గుండీ ఒక్కటి చాలు, మనిషి ఎంత పనిమంతుడో చెప్పడానికి. దగ్గరికెళ్ళి గొంతు తగ్గించి అడిగాడు.

"ఫిర్యాదు మీదేనా?"

"నాదే. గేటు దగ్గరే చెప్పాను" అన్నాడు పెద్దాయన.

"చెప్పాల్సింది గుర్తుందిగా?"

"మర్చిపోతేగా" అన్నాడు పెద్దాయన.

ఆ ధీమా చూసి సరేసార్ మనసు కుదుటపడింది. పెద్దాయన అక్కడితో ఆగలేదు. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైనవాడిలాగా, గొంతెత్తి క్యూ మొత్తాన్ని సర్దడం మొదలుపెట్టాడు. "ముందుకు జరగండి, ముందుకు జరగండి. వెనక ఖాళీ లేదు. అమ్మా, మీరు ఇటు నీడలోకి రండి." స్తంభాల్లా నిలబడ్డ మేస్త్రీ జనం ఆ గొంతుకి తెలియకుండానే కదిలారు. కాళ్ళు మార్చుకున్నారు. ఎవరో విసుక్కున్నారు కూడా. ఇంతసేపు బొమ్మలా ఉన్న క్యూకి ప్రాణం వచ్చింది. ఇలాంటి ఆర్టిస్టుని ఇన్నాళ్ళూ ఎందుకు వాడుకోలేదా అని సరేసార్ లోలోపల నొచ్చుకున్నాడు.

హారన్లు మోగాయి. కార్లన్నీ వచ్చి ఆగాయి. మంత్రిగారు మధ్య కార్లోంచి దిగారు. చేతులు మడిచిన చొక్కా, కాళ్ళకి మామూలు చెప్పులు. కెమెరాలు చుట్టుముట్టాయి. మంత్రిగారు టికెట్టు కిటికీ దగ్గరికి వెళ్ళి, జీవితంలో మొదటిసారి టికెట్టు కొని, అలవాటు కొద్దీ దాన్ని వెనక్కి చాపారు. సరేసార్ అలవాటు కొద్దీ అందుకున్నాడు. తర్వాత మంత్రిగారు వెళ్ళి క్యూలో నిలబడ్డారు. సరిగ్గా గులాబీల మడి పక్కన, పెద్దాయనకి ముందు.

"ముందుకు జరగండి" అన్నాడు పెద్దాయన.

మంత్రిగారు ముందుకు జరిగారు. జరిగాక, పెద్దాయన వైపు తిరిగి చిరునవ్వుతో కొంచెం తల ఊపారు. ఇక మొదలుపెట్టమని.

"అయ్యా" అన్నాడు పెద్దాయన. "మీరిప్పుడు నిలబడ్డ చోట మా వంటిల్లుండేది."

సరేసార్ చేతిలో గొడుగు జారబోయి ఆగింది. డైలాగు అది కాదు.

"పొయ్యి అదుగో, ఆ మడి దగ్గర. కిటికీ ఇటు. పొద్దున్నే ఎండ పొయ్యి మీద పడేది. ఈ పార్కు కట్టేటప్పుడు మా వీధి వీధంతా ఖాళీ చేయించారు. అందరికీ ఇళ్ళిస్తామని మీరే మైకులో చెప్పారు. నేను ముందు వరసలో నిలబడి చప్పట్లు కూడా కొట్టాను. తర్వాత ఎన్ని ఆఫీసులు తిరిగినా ఎవరూ లోపలికి రానివ్వలేదు. మా ఆవిడ రోజూ అడిగేది. ఏవండీ, ఇంకా ఇవ్వలేదా అని. అడిగి అడిగి పోయిన ఏడు వెళ్ళిపోయింది. మీరు సామాన్యుడిలా క్యూలో నిలబడతారని పేపర్లో చూశాను. నేనూ సామాన్యుణ్ణే కదా, పక్కన నిలబడి అడుగుదామని వచ్చాను."

కండక్టరులాంటి గొంతు కావడంతో ప్రతి మాటా చివరి మనిషి దాకా వినిపించింది. మేస్త్రీ జనంలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. కళ్ళు తుడుచుకునే ఘట్టం ఈ కార్యక్రమంలో లేదు. పోలీసు అధికారి బెల్టు సర్దుకుని ఒక అడుగు ముందుకేశాడు. ఇన్నేళ్ళ ఉద్యోగం, వచ్చే ఏడు రావలసిన ప్రమోషన్, సొంత బుర్రతో రాసిన ఆ దిక్కుమాలిన మాట, అన్నీ సరేసార్ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి.

కానీ మంత్రిగారు మంత్రిగారే. వారికి తమ వంతు ఎప్పుడొస్తుందో తెలుసు. ఎదుటి మనిషి మాట ఆపగానే, రిహార్సల్లో అనుకున్నట్టే, రెండు చేతులూ ఆయన భుజాల మీద వేసి, మొహం కెమెరాల వైపు తిప్పారు.

"పెద్దాయనా! మీ బాధ విన్నాను. విని ఊరుకునే రకం కాదు నేను. ఫైలు అననూ, కమిటీ అననూ. ఈ క్షణమే, ఇక్కడే, ఇందరి ముందూ మీకు గొడుగు మంజూరు చేస్తున్నాను!"

చెయ్యి వెనక్కి చాచారు. సరేసార్ గొడుగు అందించాడు. మంత్రిగారు దాన్ని స్వహస్తాలతో విప్పి పెద్దాయన నెత్తిమీద పట్టారు. ఫ్లాషులు మెరిశాయి. అప్పటిదాకా బిగబట్టుకుని ఉన్న మేస్త్రీ జనం ఇక ఆగలేక పిడికిళ్ళు లేపి జై కొట్టారు. పెద్దాయన గొడుగు కింద నిలబడి, దాని బద్దల్ని కింది నుంచి చూస్తూ ఉండిపోయాడు.

మంత్రిగారు పూలు చూశారు. ఒక్క తుమ్ము కూడా రాలేదు. ఆనందించారు.

కార్లు వెళ్ళిపోయాక సరేసార్ గేటు దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ మెడలో ఉన్నికండువాతో, తెల్లగడ్డం అంటించుకున్న మనిషొకడు కాపలా పోలీసుతో ఘర్షణ పడుతున్నాడు.

"ఈయన్నెందుకు ఆపావయ్యా?" అని అడిగాడు సరేసార్.

"ఫిర్యాదు చేసేవాణ్ణే పంపమన్నారు కద సార్" అన్నాడు పోలీసు. "ఈయన్ని అడిగితే, నాకే ఫిర్యాదూ లేదు, నేను ఆర్టిస్టుని అన్నాడు. ఇందాకొకాయన వచ్చాడు. ఆపితే, లోపలికి పంపకపోతే నీ మీద కూడా ఫిర్యాదు చేస్తానన్నాడు. సరిగ్గా ఆయనే అనుకుని సెల్యూట్ కొట్టి పంపించాను."

"ఇంత అవమానమా?" నటుడు గడ్డం పీకేశాడు. "ఇప్పుడే వెళ్ళి పైవాళ్ళకి ఫిర్యాదు చేస్తాను!"

"అలా ముందే అనుంటే పంపేవాణ్ణి కదండీ" అన్నాడు పోలీసు.

సరేసార్‌ని మంత్రిగారు ఆ సాయంత్రమే ఇంటికి పిలిపించుకున్నారు. మెమో చేతికొస్తుందనుకుంటూ వెళ్ళాడు. మంత్రిగారు టీవీ ముందు కూర్చుని ఆ ఘట్టాన్నే మళ్ళీ మళ్ళీ చూస్తున్నారు. వారి కళ్ళు నిజంగానే చెమర్చి ఉన్నాయి.

"ఏం నటుడయ్యా! పొయ్యి మీద ఎండ పడేదిట! ఎండ తెచ్చి పొయ్యి మీద పెట్టాడు చూడు, అక్కడ నాకు గుండె పట్టేసింది. ఆ వంటిల్లు ఎవరు రాశారు? నువ్వేనా?"

నిజం చెప్పడానికి సరేసార్‌కి అంతకంటే మంచి సమయం దొరకదు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"సరే సార్" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి భార్య కాళ్ళకి వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకుంటోంది. పార్కులో మంత్రిగారు వెళ్ళిపోయాక కూడా ఆమె చాలాసేపు ఉండిపోయిందిట.

"పూలు చూశావా?" అని అడిగాడు.

"వంటిల్లు చూశాను" అంది. "ఆ బాబాయిగారు దగ్గరుండి చూపించారు. వీధి కుళాయి, పక్కిళ్ళు, అరుగులు, అన్నీ. రాక్షసి రైలెక్కే చోట వాళ్ళావిడ బట్టలారేసేదిట." నీళ్ళలోంచి కాళ్ళు తీసి తుడుచుకుంది. "ఆయనకి ఇల్లిప్పించండి. ఇన్నేళ్ళలో మీ ఆఫీసు పని ఒక్కటీ అడగలేదు నేను. ఇది అడుగుతున్నాను."

"సరే" అన్నాడు ఆయన. ఆమె ఆయన మొహంలోకి కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ సరే ఏ రకం సరేనో ఆమెకి బాగా తెలుసు.

బహుశా ఆ చూపు వల్లనే కావచ్చు, వారం తిరగకుండానే సరేసార్ పెద్దాయన్ని స్వయంగా కబురుపెట్టి ఆఫీసుకి పిలిపించాడు. వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాడు. మంచినీళ్ళు ఇప్పించాడు. జేబురుమాలుతో మొహం తుడుచుకుని, తలుపు తోసుకుని మంత్రిగారి గదిలోకి వెళ్ళాడు.

"సార్, ఆ రోజు పార్కులో మాట్లాడిన పెద్దాయన వచ్చాడు. ఆయన నటుడు కాదు సార్. ఇల్లు నిజంగానే పోయింది. ఇస్తామన్నది మనమే సార్. ఇంకా ఇవ్వలేదు."

ఇంత పొడుగు మాట సరేసార్ నోట్లోంచి వినడం మంత్రిగారికి అదే మొదలు. కలం కింద పెట్టారు. కిటికీలోంచి బయటికి చూశారు. మనసున్న మనిషి కావడం వల్ల వారికి విషయం పూర్తిగా అర్థమైంది.

"అదా సంగతి" అన్నారు. "అందుకే అంత బాగా చెప్పాడు."

"అవును సార్. ఒక ఇల్లు..."

"ఇచ్చేద్దామంటావు. ఇవ్వడం నాకు నిమిషం పని. కానీ ఆలోచించు. వచ్చే నెల ఆస్పత్రి ప్రారంభం ఉంది. ఆ తర్వాత స్టేడియం. అక్కడ ఎవడు మాట్లాడతాడు? ఇల్లొచ్చినవాడి గొంతులో ఆ జీర వస్తుందా? కడుపు నిండినవాడు ఎండని తెచ్చి పొయ్యి మీద పెట్టగలడా? ఒక కళాకారుణ్ణి మన చేతులతో మనమే చంపుకున్నట్టవదూ?"

"ఆస్పత్రి దగ్గర ఆయన వంటిల్లు లేదు కద సార్."

"పడగ్గది అనమను."

సరేసార్ బయటికొచ్చాడు. పెద్దాయన లేచి నిలబడ్డాడు. సరేసార్ ఆయన్ని కూర్చోమని, తనూ పక్కన కూర్చుని, చెప్పవలసింది చెప్పాడు. మంత్రిగారికి మీరంటే చాలా గౌరవమన్నాడు. వచ్చే నెల ఆస్పత్రి ప్రారంభానికి కారు పంపి పిలిపిస్తారన్నాడు. గేటు దగ్గర ఎవరూ ఆపరన్నాడు. ఇంటి విషయం కొంచెం ముందూ వెనకా అవుతుందన్నాడు. ఆఖరికి, చెప్పలేక చెప్పలేక, పడగ్గది సంగతి కూడా చెప్పేశాడు.

వరండాలో ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరుగుతోంది.

"అక్కడ నా మాట వింటారా?" అని అడిగాడు పెద్దాయన చివరికి.

"వింటారు. అందరూ వింటారు. టీవీల్లో కూడా వస్తుంది."

"తర్వాత స్టేడియం దగ్గర కూడానా?"

"అక్కడ కూడా."

పెద్దాయన గుడ్డసంచీ ఒళ్ళోకి తీసుకుని ఆలోచనలో పడ్డాడు.

"మాది రెండు గదుల ఇల్లు బాబూ" అన్నాడు. "వంటిల్లు చెప్పేశాను. ఆస్పత్రి దగ్గర పడగ్గది చెప్తాను. స్టేడియం దగ్గరికొచ్చేసరికి ఏం మిగిలుంటుంది?"

లోపల మంత్రిగారి గదిలో బెల్లు మోగింది. సరేసార్ లేవబోయి, మళ్ళీ కూర్చుని, పెద్దాయన వైపు కొంచెం వంగాడు.

"మీ పక్కింటివాళ్ళకి ఎన్ని గదులుండేవి?" అని అడిగాడు.